కింద చలి, పైన ఉక్క

భయపడటంలో నాకు చిన్నప్పటి నుంచీ మంచి అభ్యాసం ఉంది. కుక్కలంటే భయం, లిఫ్టులంటే భయం, ఇండియా నుంచి వేళకాని వేళ ఫోను మోగితే భయం. అమెరికాలోని ఈ నోవై ఊరికి వచ్చాక మంచులో డ్రైవింగ్ కూడా వాటిలో చేరింది. "నీకు భయం లేనిదంటూ ఏదైనా ఉందా?" అని మా ఆయన వెక్కిరించేవాడు. ఒకటి ఉండేది. మా నాన్నా, మా మామగారూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటుంటే నాకు ఏ భయమూ ఉండేది కాదు. మా పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళూ ఆడపెళ్ళివాళ్ళూ వంటల దగ్గర మూతులు ముడుచుకుని తిరుగుతుంటే, వాళ్ళిద్దరూ పందిట్లో ఓ మూల కుర్చీలు వేసుకుని కబుర్లలో మునిగిపోయారు. 2013 చలికాలంలో ఆ ధైర్యం కూడా పోయింది.

మాలాంటి ఇళ్ళకి తల్లిదండ్రులు వంతులవారీగా వస్తారు. ఒకవైపు వాళ్ళు ఆర్నెల్లుండి బయల్దేరుతుంటే రెండోవైపు వాళ్ళు దిగుతారు, ఫ్యాక్టరీలో షిఫ్టు మారినట్టు. మా పాప అప్పుడు కిండర్‌గార్టెన్. స్టాపులో ఇంటి పెద్దవాళ్ళెవరూ కనపడకపోతే బస్సు డ్రైవరు పిల్లని దింపకుండా మళ్ళీ స్కూలుకే తీసుకుపోతాడు. మేమిద్దరం ఆఫీసుల నుంచి వచ్చేసరికి సాయంత్రం దాటేది. అందుకని నాన్న మేలో వచ్చారు. అమ్మ పోయాక ఆయన హైదరాబాదులో, కూకట్‌పల్లి ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. అక్టోబరు చివర ఆయన వెళ్ళాలి, కరీంనగర్ నుంచి మామయ్య రావాలి. మా ఆడపడుచు పురుడు కోసం అత్తయ్య ఆగిపోవడంతో మామయ్య కూడా ఒంటరిగానే బయల్దేరారు.

ఈలోగా జులై ఆఖర్లో, తెలంగాణని వేరు రాష్ట్రం చేస్తామని ఢిల్లీలో చెప్పేశారు. నాన్న పుట్టింది తెనాలి దగ్గర. ఉద్యోగం కోసం కుర్రతనంలోనే హైదరాబాదు వచ్చి, అక్కడే రిటైరై, అక్కడే ఇల్లు కట్టుకున్నారు. నేను పుట్టింది ఆ ఊళ్ళోనే. అయినా టీవీలో మాలాంటి వాళ్ళని 'సెటిలర్లు' అంటుంటే నాన్న ముఖం మాడిపోయేది. "నా జుట్టంతా ఆ ఊళ్ళోనే తెల్లబడింది. ఇంకా ఎప్పటికి సెటిలవుతానంట?" అనేవారు. నవ్వుతూనే అనేవారు, కానీ అక్టోబరు దగ్గరపడేకొద్దీ ప్రయాణం మాట ఎత్తడం మానేశారు. అడిగితే, "ఇంకొన్నాళ్ళు చూద్దాం అమ్మాయీ, అక్కడ ఏం జరుగుతుందో ఏమో" అనేవారు. వీసా ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశాం. అలా ఒకరు వెళ్ళకుండానే మరొకరు దిగారు.

మామయ్య రిటైరైన లెక్కల మాస్టారు. కాలేజీ రోజుల్లో, అరవైతొమ్మిది ఉద్యమంలో లాఠీ దెబ్బ తిన్న భుజం ఆయనకి చలికాలం వస్తే నొప్పి పెడుతుంది. వస్తూనే, "మంచిగైంది బావగారూ, మీరు ఈడనే ఉన్నరు. నాకు తోడైంది" అన్నారు. మొదటి వారం హాయిగా గడిచింది. ఇద్దరూ కలిసి బస్సు స్టాపుకి వెళ్ళేవారు. బయట నడవలేని రోజుల్లో నేను మాల్‌లో డ్రాప్ చేస్తే, షాపులు తెరవకముందే రెండు రౌండ్లు నడిచొచ్చేవారు. పాప ఒకర్ని 'తాతయ్య' అనీ, ఇంకొకర్ని 'తాత' అనీ పిలిచేది.

చిక్కంతా టీవీతో వచ్చింది. ఇంట్లో ఒక్కటే టీవీ, దానికి తెలుగు ఛానెళ్ళ బాక్సు. నాన్న ఛానెల్లో రాష్ట్రం విడిపోతే నీళ్ళుండవు, కరెంటుండదు, హైదరాబాదులో కోస్తావాళ్ళకి నిలువ నీడ ఉండదు అని చెప్పేవారు. మామయ్య ఛానెల్లో, ఇస్తామన్నది మళ్ళీ లాగేసుకుంటారు, ఢిల్లీలో కుట్ర జరుగుతోంది అని చెప్పేవారు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే రెండోవాళ్ళు సోఫా చివర్లో బిగుసుకుపోయి కూర్చునేవారు. ఆఫీసు నుంచి వచ్చి గరాజ్ తలుపు తీసేటప్పుడు, లోపల ఏ ఛానెల్ గొంతు వినిపిస్తుందోనని ఒక్క క్షణం ఆగి చెవి ఒగ్గేదాన్ని.

వాదన ఎప్పుడూ ఒకే చోట మొదలయ్యేది. "వేరుపడటం ఎందుకు బావగారూ?" అనేవారు నాన్న. "మీకు అన్యాయం జరిగింది, నేను కాదనను. మీ ప్రాంతానికి ఒక మండలి పెట్టుకోండి. మీ నిధులు, మీ ఉద్యోగాలు, మీ చెరువులు అన్నీ దాని చేతికే ఇవ్వమనండి. చట్టం చేయించుకోండి. ఢిల్లీ వాళ్ళు వేసిన కమిటీ ఊరూరా తిరిగి రాసిన రిపోర్టులో కూడా అదే మేలన్నారుగా? ఇల్లు ఒకటే ఉంటుంది, ఎవరి వ్యవహారం వాళ్ళది."

"మండలి మాకు కొత్తనా?" అనేవారు మామయ్య. "కలిసిననాడే పెద్దమనుషుల ఒప్పందమని రాసుకున్నరు. ప్రాంతీయ సంఘమని పెట్టిన్రు. ఏమైంది? ఇచ్చినోళ్ళే తీసేసిన్రు. ఇచ్చినోడు తీసుకునేటట్టుంటే అది మాది ఎట్లయితది?"

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించేది. గోడమీద పిల్లి అంటారని తెలుసు, అన్నారు కూడా. ఇక్కడి తెలుగు అసోసియేషన్ వాళ్ళు తలా ఒక వంటకం తెచ్చి పెట్టుకునే పాట్‌లక్‌లో ఒక ఆంటీ అయితే, "నువ్వెటువైపమ్మా, పుట్టిల్లా అత్తిల్లా?" అని నా పళ్ళెంలో పులిహోర వడ్డిస్తూ అడిగింది. ఆ పాట్‌లక్‌లో ఎప్పుడూ కలిసి కూర్చునే వాళ్ళు ఆ రోజు ప్రాంతాలవారీగా రెండు బల్లల దగ్గర సర్దుకున్నారు. మా ఆయన తెలంగాణవాళ్ళ బల్ల దగ్గర ఆగాడు. నేను పాప చెయ్యి పట్టుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక, ప్లేటుతో కిటికీ దగ్గర నిలబడి తినేశాను. ఇంటికొచ్చేటప్పుడు కార్లో మేమిద్దరం మంచు గురించి మాట్లాడుకున్నాం. ఆ ఒక్క విషయం ఎత్తకూడదని మేమెప్పుడూ అనుకోలేదు, కానీ ఇద్దరం పాటిస్తూ వచ్చాం. నిజం చెప్పాలంటే రాష్ట్రం ఏమవుతుందోనన్న భయం కన్నా, మా ఆయన ఒక రోజు నాతో 'మీవాళ్ళు' అంటాడేమోనన్న భయమే నాకు ఎక్కువగా ఉండేది.

మా ఆఫీసులో స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. మరుసటి ఏడాది వాళ్ళకి ఓటింగ్ ఉంది: పూర్తిగా వేరు దేశం కావడమా, లేక బ్రిటన్‌లోనే ఉండి తమ పార్లమెంటుకి మరిన్ని అధికారాలు తెచ్చుకోవడమా అని ఇంటింటా చర్చలట. లంచ్‌లో ఆవిడ చెబుతుంటే నా చేతిలో ఫోర్క్ ఆగిపోయింది. మా ఇంట్లో సంగతి కూడా చెప్పాను. "మీకు భయంగా లేదా?" అని అడిగాను. ఎవరు గెలిచినా సరే, అమ్మ ఇంట్లో క్రిస్మస్ భోజనానికి తమ్ముడి ఎదురుగా కూర్చోవాలంటేనే భయంగా ఉందంది. ఆవిడ మీద నాకు హఠాత్తుగా చుట్టరికం లాంటిది పుట్టుకొచ్చింది.

ఇంట్లో శాంతి కోసం నేను కనిపెట్టిన ఉపాయం బేస్‌మెంట్. అప్పటికే అక్కడ కార్పెట్ ఉంది, బాత్రూమ్ ఉంది. ఒక మంచం, పాత టీవీ, ఇంకో బాక్సు, టీ పెట్టుకోవడానికి కరెంటు స్టవ్వు చేర్చాం. మామయ్య తనే ఒప్పుకుని దిగారు. ఎవరి ఛానెల్ వాళ్ళది, ఎవరి స్టవ్వు వాళ్ళది. పైన నాన్న కాఫీ, కింద మామయ్య చాయ్. నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్నకైతే మరీ సంబరం. "చూశావా అమ్మాయీ, నేను మొత్తుకుంటున్నది ఇదే! ఇల్లు పగలగొట్టక్కర్లేదు. ఆయన భాగం ఆయనకిచ్చాం, ఆయన ఇష్టం ఆయనది. ఇప్పుడు గొడవుందా?" అన్నారు.

గొడవ లేదు, నిజమే. మాటలు కూడా లేవు. పోట్లాడుకోవడానికైనా ఇదివరకు ఒక సోఫా మీద కూర్చునేవారు. ఇప్పుడు మామయ్య పాపని తీసుకురావడానికి పైకి వచ్చి, మళ్ళీ మెట్లు దిగిపోయేవారు. నాన్న ఆ మెట్ల వైపే వెళ్ళేవారు కాదు. రెండు అంతస్తుల్లో రెండు ఛానెళ్ళు ఒకేసారి అరుస్తుంటే మధ్యలో వంటింట్లో నిలబడి నేను చపాతీలు ఒత్తేదాన్ని. పైనుంచి ఒక భయం, కిందనుంచి ఇంకో భయం.

జనవరిలో ఆ ఏడు చలి ప్రాణాలు తోడేసింది. కన్ను తెరిస్తే రెప్పల మీద మంచు కట్టే చలి. ఒక శనివారం బట్టలు వేయడానికి కిందికి దిగాను. వాషర్ ఉండేది అక్కడే. నేను మెట్లు దిగేసరికి మామయ్య ఒట్టి చొక్కాతో, నిటారుగా కుర్చీలో కూర్చుని ఉన్నారు. "చలిగా లేదా మామయ్యా?" అంటే "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్నది" అన్నారు. బుట్ట దించుదామని పక్క కుర్చీ మీదున్న ఆయన కోటు తీశాను. బయటికి వేసుకెళ్ళే దళసరి కోటది. అది ఇంకా వెచ్చగా ఉంది. దాని కింద మంకీ క్యాప్ కూడా ఉంది. నా అడుగుల చప్పుడు విని అప్పుడే విప్పి పడేశారు.

అప్పటికి గానీ నా బుర్రకి తట్టలేదు. ఇల్లంతటికీ వేడి పెంచే, తగ్గించే థర్మోస్టాట్ ఒక్కటే. అది పైన, హాలు గోడమీద, నాన్న కూర్చునే కుర్చీ పక్కన ఉంది. వేడి పైకెక్కుతుంది కదా, నాన్నకి ఉక్కపోసినట్టుండేది. వెళ్తూ వెళ్తూ ఒక నొక్కు నొక్కి తగ్గించేసేవారు. కింద మామయ్య తన స్టవ్వుతో, తన ఛానెల్‌తో, కోటు వేసుకుని కూర్చునేవారు.

పైకొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన తెల్లబోయారు. ఆ క్షణమే లేచి, రెయిలింగ్ పట్టుకుని, మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ దిగారు. ఆయన బేస్‌మెంట్‌లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. దిగాక చేతులు రుద్దుకున్నారు.

"ఇదేంటి బావగారూ, ఇంత చలిలో ఉంటున్నారా? ఒక్క మాట చెబితే పెంచేవాణ్ణిగా!"

"పెంచుతరు" అన్నారు మామయ్య. "మీరు మంచోళ్ళు, అడిగితే పెంచుతరు. పొద్దున అడగాలె, సాయంత్రం అడగాలె. మీకు ఉక్కపోస్తే మళ్ళ తగ్గిస్తరు, మళ్ళ నేను మెట్లెక్కి అడగాలె. నా ఇంట్ల నేను గిట్ల ఎన్ని దినాలు అడగాలె బావగారూ? అందుకే కోటు తొడుక్కున్న."

 ఆ ఏర్పాటుని చూపించి నాన్న ఎంత మురిసిపోయారో నాకు తెలుసు. నాకూ ముఖం చెల్లలేదు. మా ఆయన ఆ సాయంత్రమే ఒక హీటర్ కొనుక్కొచ్చి కింద పెట్టాడు. దాని స్విచ్ మామయ్య మంచం పక్కనే. ఆ తర్వాత నాన్న రోజుకొకసారైనా కిందికి దిగి, "ఎలా ఉంది?" అని అడిగి వచ్చేవారు. చాయ్ తాగి వచ్చేవారు. వాదన మళ్ళీ మొదలైంది, కానీ గొంతులు తగ్గాయి. నాన్న మండలి మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఫిబ్రవరిలో పార్లమెంటులో బిల్లు ఓటింగ్‌కి వచ్చిన రోజు, ఇక్కడ ఇంకా తెల్లవారలేదు. లేచేసరికి పైనా కిందా టీవీలు మోగుతున్నాయి. సభలో గందరగోళం. ఉన్నట్టుండి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. రెండు అంతస్తుల్లోనూ ఒకేసారి నిశ్శబ్దం అయింది. ఇన్ని నెలలుగా ఆ అరుపులు ఆగితే చాలని మొక్కుకున్నదాన్ని, ఆగిపోయేసరికి మళ్ళీ మోగితే బాగుండుననుకున్నాను. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. నాన్న లేచి కిందికి వెళ్ళారు. నేను మెట్ల మీద సగం దూరం దిగి అక్కడే కూర్చుండిపోయాను.

మామయ్య రెండు చేతులూ జోడించి టీవీ తెరనే చూస్తున్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. నాలుగేళ్ళ కిందటి డిసెంబరులో ఇస్తున్నామని చెప్పి, పండగ చేసుకున్న కొన్నాళ్ళకే వెనక్కి తగ్గినప్పుడు ఆయన మంచం పట్టారు. మళ్ళీ అదే జరిగితే తట్టుకోలేనని ఆయన మా ఆయనతో అనడం విన్నాను. కుర్చీలో మామయ్య రాష్ట్రం రాదేమోనని వణుకుతున్నారు, మంచం మీద నాన్న వస్తుందేమోనని వణుకుతున్నారు. నాకు ఇద్దరి వీపులూ కనిపిస్తున్నాయి, ఏ వీపు ఎవరిదో పోల్చుకోవడం కష్టంగా ఉంది.

కాసేపటికి తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. బిల్లు పాసైంది. పైన మా ఆయన ఫోను మోగింది. మెట్ల మీది నుంచి తల తిప్పి చూశాను. అతను నా వైపు చూసి, ఫోను పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నా ముందు సంతోషపడటానికి మొహమాటపడి, ఆ గడ్డకట్టే చలిలో నిలబడి నవ్వుకున్నాడు. దానికి సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు.

కింద మామయ్య గంతులేయలేదు. మంకీ క్యాప్ తీసి కళ్ళు తుడుచుకున్నారు. "కంగ్రాచులేషన్స్ బావగారూ" అన్నారు నాన్న. మనస్ఫూర్తిగానే అన్నారు.

"ఇంక మీరు టికెట్ బుక్ చేయించుకోండ్రి" అన్నారు మామయ్య. "భయపడకండ్రి. మేము అడిగింది రాష్ట్రం. మీ ఇల్లు కాదు."

"ఎవరైనా ఏమైనా అంటే?"

మామయ్య అబద్ధం ఆడే మనిషి కాదు.  "అంటరు. ఒకరిద్దరు అంటరు. అంటే నాకు ఫోన్ చేయండ్రి, నేను చూసుకుంట" అన్నారు.

నాన్న హీటర్ వైపు చూశారు. తర్వాత మెల్లగా, కోపం ఏమాత్రం లేకుండా, "అయితే ఇక మీదట నేను అడగాలన్నమాట" అన్నారు.

మామయ్య తలెత్తి చూశారు. చేతిలోని మంకీ క్యాప్‌ని మడతపెట్టి మోకాలి మీద పెట్టుకున్నారు. 

మార్చిలో నాన్న వెళ్ళిపోయారు. వద్దని నేను ఏడ్చాను. "ఇక్కడే ఉంటే ఇంకా పెరుగుతుందమ్మా భయం. వెళ్ళి చూస్తేగానీ దాని సైజెంతో తెలియదు" అన్నారు. ఎయిర్‌పోర్టుకి మామయ్య కూడా వచ్చారు. సెక్యూరిటీ దగ్గర నాన్న షూస్ లేసులు విప్పుకోలేక అవస్థ పడుతుంటే, అద్దం ఇవతలనుంచి చూస్తూ మామయ్య నా చెయ్యి పట్టుకున్నారు. నాన్న కనపడకుండా పోయేదాకా వదల్లేదు.

ఒక ఆదివారం పొద్దున నాన్నకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. మామయ్య నా పక్కనే కూర్చున్నారు. అంతా బాగానే ఉందన్నారు నాన్న. పక్కింటివాళ్ళు పలకరిస్తున్నారు, పాలు వేళకే వస్తున్నాయి, నల్లా కూడా వస్తోంది. నేను భయపడినదేదీ జరగలేదు. గుండెల మీద బరువు దిగుతుండగా, కూరగాయల సంగతి అడిగాను. వంకాయలు లేతగా దొరుకుతున్నాయా అని.

"దొరుకుతున్నాయమ్మా" అన్నారు. "కాకపోతే మాట్లాడటం తగ్గించాను. నోరు తెరిస్తే మన యాస తెలిసిపోతుంది కదా. వేలు పెట్టి చూపిస్తున్నాను. వాళ్ళిచ్చేస్తున్నారు. ఎవరూ ఏమీ అనలేదు సుమా, నాకే ఎందుకో..." అని నవ్వారు.

మామయ్య నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు. "బావగారూ! మీరు నోరు మూసుకుని వంకాయలు కొనుక్కుంటే నాకు వచ్చిందేంది? రేపు పోయి గట్టిగ అడుగుండ్రి, మీ భాషల్నే అడుగుండ్రి."

"అడుగుతాను బావగారూ. మీరు వచ్చాక, మీరు పక్కనుంటే అడుగుతాను."

"నేను వచ్చేది ఏప్రిల్ ఆఖర్ల!"

"అప్పటిదాకా వేలు ఉందిగా" అన్నారు నాన్న. చాలా మామూలుగా అన్నారు.

ఫోను నా చేతికిచ్చి మామయ్య మెట్లు దిగి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం బట్టల బుట్టతో నేను కిందికి వెళ్ళాను. టీవీ ఆపేసి ఉంది. హీటర్ కూడా తనే ఆపేసుకున్నారు, దాని స్విచ్ ఆయన చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. ఆయన కోటు తొడుక్కుని, గోడవైపు చూస్తూ కూర్చున్నారు. నా అడుగుల చప్పుడు వినిపించింది. అయినా ఈసారి ఆయన కోటు విప్పలేదు.